కడుపుకి గోత్రం ఉందా?

తెలుగులో ఈమధ్య బాగా అరిగిపోయిన వాక్యం ఒకటుంది: "అది మా డీఎన్ఏలోనే ఉంది." గోంగూర మా డీఎన్ఏలో ఉంది. కారం మా డీఎన్ఏలో ఉంది. సినిమా పిచ్చి, భూమి మీద మమకారం, పెళ్లిళ్లలో అలిగే గుణం, అన్నీ అక్కడే ఉన్నాయట. మూడు వందల కోట్ల అక్షరాల గొలుసు కదా, ఎన్నయినా పడతాయి. మన ముందు తరం ఇదే ముచ్చటని "రక్తంలోనే ఉంది" అనేది. రక్తం పాతబడింది, డీఎన్ఏ వచ్చింది. మాట మారింది గానీ వెనకున్న ఊహ మారలేదు: మనిషి అంటే వాడి వంశం, వంశం అంటే మారనిది.

ఇప్పుడు డీఎన్ఏకి జతగా ఇంకో మాట దిగింది. గట్. గట్ హెల్త్, గట్ బాక్టీరియా, మైక్రోబయోమ్. తిండి మీద రాసే వ్యాసాల్లో, వాట్సాప్‌లో, పాడ్‌కాస్టుల్లో, ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర దీని చుట్టూ అల్లుకున్న వాదన దాదాపు ఒకటే. తరతరాలుగా ఒక వంశం ఒకే తిండి తిన్నది. అందువల్ల వాళ్ల పేగుల్లో ఒక రకం సూక్ష్మజీవులు స్థిరపడ్డాయి. అవి వంశపారంపర్యంగా వస్తాయని ఇప్పుడు సైన్సే ఒప్పుకుంటోంది. కాబట్టి ఎవరి తిండి వాళ్లది, ఎవరి కడుపు వాళ్లది.

ఆ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగండి. అది కడుపు గురించి కాదు, పంక్తి గురించి. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినొచ్చు అన్న పాత ప్రశ్నకి కొత్త ల్యాబ్ కోటు తొడిగారు. ఆ కోటు వాళ్లది కాదని, అద్దెకి తెచ్చుకున్నారని, అది కూడా తిరగేసి తొడుక్కున్నారని చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది గాలిలో కత్తి తిప్పడమేమీ కాదు. పాత బోయిన్‌పల్లిలో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఒక ఓనరుగారు నాతో చాలా మర్యాదగా అన్నమాట: "మీరు తప్పుగా అనుకోకండి బాబూ, మాకు కులం పట్టింపులేం లేవు. సైంటిఫిక్‌గా చెప్తున్నా. జెనెటిక్స్‌ని బట్టి ఎవరి గట్ వాళ్లకుంటుంది. మీ వంటలు మా సిస్టమ్‌కి పడవు." ఆయన వంటగదిలోకి నేనేమీ వెళ్లబోవట్లేదు. ఆయన ఉండేది కింద, ఖాళీగా ఉన్నది పైన. నా కోడికూర స్లాబులోంచి దిగి ఆయన పెద్దపేగులో ఎట్లా ప్రవేశిస్తుందో ఏ పరిశోధనలోనూ లేదు. కానీ ఆ "సైంటిఫిక్‌గా" అన్న మాట చూశారా, అదీ ఇక్కడ పని చేస్తున్నది. "కులం" అని ఉంటే నేను తిరిగి ఏదో అనేవాణ్ణి. "సైన్స్" అన్నాక, ఇంజనీరింగ్ చదివిన వాణ్ణి, నేనేమనాలి?

ఏమనాలో ఇప్పుడు వివరంగా అంటాను.

ముందు, అవతలివాళ్ల చేతిలో ఉన్న బలమైన కాగితాన్ని దాచకుండా చదువుదాం. 2014లో 'సెల్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కార్నెల్ యూనివర్సిటీలో రూత్ లే బృందం చేసింది. బ్రిటన్ కవలల రిజిస్ట్రీ నుంచి 416 జంటల మలం నమూనాలు తీసుకుని అందులోని బాక్టీరియాని లెక్కగట్టారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు ఒకటే. రెండు అండాల కవలలు సగటున సగమే పంచుకుంటారు, మామూలు అక్కచెల్లెళ్ల లాగే. రెండు రకాల వాళ్లూ ఒకే ఇంట్లో పెరిగినవాళ్లే కాబట్టి, మొదటి రకం కవలల పేగులు ఎక్కువగా పోలి ఉంటే ఆ ఎక్కువ పోలికకి కారణం జన్యువులే అయ్యుండాలి. అట్లాగే తేలింది. అన్ని బాక్టీరియాల విషయంలోనూ కాదు, కొన్నిటి విషయంలో. అన్నిటికన్నా గట్టిగా తేలిన కుటుంబం పేరు క్రిస్టెన్సెనెల్లేసీ. సన్నగా ఉండేవాళ్లలో ఇవి ఎక్కువ కనబడ్డాయి. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకి ఒక లావుపాటి మనిషి మలాన్ని ఎక్కించి, దానికి ఈ బాక్టీరియాని కలిపితే, కలపని ఎలుకల కన్నా తక్కువ బరువు పెరిగాయి. మంచి పరిశోధన. ఆ తర్వాతి పదేళ్ల పనికి దారి వేసింది. "జన్యువులు పేగుల్లోని జీవజాలాన్ని తీర్చిదిద్దుతాయి" అన్న మాటకి మూలం ఇదే.

ఇప్పుడు రెండో కాగితం. 2018లో 'నేచర్'లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1,046 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన పరిశోధన. ఇజ్రాయెల్‌ ఈ ప్రశ్నకి బాగా సరిపోయే చోటు. యూరప్ నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి, యెమెన్ నుంచి, రకరకాల చోట్ల నుంచి వచ్చిన వంశాలవాళ్లు ఇప్పుడు ఒకే దేశంలో బతుకుతున్నారు. వంశాన్ని బట్టి కడుపు మారేటట్లయితే అక్కడ కనబడాలి. కనబడలేదు. ఎవరి పూర్వీకులు ఎక్కణ్ణించి వచ్చారన్న దానికీ, పేగుల్లో ఏముందన్న దానికీ చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు. ఒకే కప్పు కింద బతికేవాళ్లు, రక్తసంబంధం లేకపోయినా, పోలి ఉన్నారు. ఇదే బృందం బ్రిటన్ కవలల డేటాని కూడా మళ్లీ తిరగేసి, మొత్తం మీద జన్యువుల వాటా 1.9 నుంచి 8.1 శాతం మధ్య ఉంటుందని లెక్కకట్టింది. తిండి, మందులు, శరీర కొలతలు లాంటివాటితో ముడిపడిన తేడాలు ఇరవై శాతం పైన. మిగతాది ఇంకా ఎవరి ఖాతాలోకీ రాలేదు.

అంటే మొదటి కాగితం అబద్ధమా? కాదు. రెండూ నిజమే. రెండూ ఒకేసారి నిజం ఎట్లా అవుతాయో అర్థం కావాలంటే మన భాషలో ఉన్న ఒక చిక్కుముడి విప్పాలి. సాహిత్య పత్రికలో ఈ గోలంతా ఎందుకని విసుక్కుంటున్నవాళ్లు ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. ఇది మాటల సమస్య, అంటే మన సమస్యే.

శాస్త్రవేత్తలు వాడేది 'హెరిటబిలిటీ' అన్న మాట. తెలుగులో దాన్ని ఏమంటున్నాం? అనువంశికత. మామూలు మాటల్లో వంశపారంపర్యం. వంశపారంపర్యం అనగానే మనకి తోచే బొమ్మ ఏది? తాత పొలం, తాత ఇంటిపేరు, తాత బట్టతల. పై నుంచి కిందికి చేతులు మారుతూ దిగే వస్తువు. హెరిటబిలిటీ వస్తువు కాదు. అది ఒక భిన్నం. ఒకానొక గుంపులో, ఒకానొక కాలంలో, మనుషుల మధ్య కనబడే తేడాల్లో ఎంత భాగం వాళ్ల జన్యువుల తేడాలతో పాటు నడుస్తోంది? అంతే. ఒక మనిషి గురించి అది ఏమీ చెప్పదు. ఒక వంశం గురించి కూడా చెప్పదు. గుంపు మారితే అంకె మారుతుంది. కాలం మారితే అంకె మారుతుంది.

వరి చేను చూడండి. కృష్ణా కాలువ కింద ఒకే మడిలో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరీని, మార్టేరు నుంచి వచ్చిన కాటన్ దొర సన్నాలనీ పక్కపక్కన వేసి, ఒకే నీళ్లు, ఒకే ఎరువు ఇస్తే దిగుబడిలో వచ్చే తేడా విత్తనాలదే. ఇప్పుడు సాంబ మసూరి ఒక్కదాన్నే తీసుకుని కొంత కాలువ కింద, కొంత నీటి కరువున్న మెట్టలో వేయండి. తేడా ఇంకా ఎక్కువే వస్తుంది, కానీ అందులో విత్తనం వాటా సున్నా. విత్తనం మారిందా? లేదు. విత్తనంలో జన్యువులు లేకుండా పోయాయా? లేదు. తేడా ఎక్కణ్ణించి వస్తోందన్నది మారింది. హెరిటబిలిటీ అంటే ఆ వాటా. అందుకే దాన్ని 'జన్యు వాటా' అందాం. అందం తక్కువైనా అబద్ధం చెప్పని మాట. "పేగుల సూక్ష్మజీవులు వంశపారంపర్యం" అంటే ఓనరుగారు తల ఊపుతారు. "పేగుల సూక్ష్మజీవుల తేడాల్లో జన్యు వాటా పదో వంతుకి లోపే" అంటే ఊపడానికి ఏమీ మిగలదు. సైన్సు మారలేదు, తెలుగు మారింది.

ఇది మనుషుల దగ్గరే కాదు, కోతుల దగ్గర కూడా తేలింది. కెన్యాలోని అంబోసెలీలో బబూన్ కోతుల్ని దశాబ్దాలుగా గమనిస్తున్నారు. 2021లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధనలో 585 కోతుల నుంచి పద్నాలుగేళ్ల పాటు తీసిన 16,234 నమూనాలు ఉన్నాయి. ఇంత డేటాతో చూస్తే దాదాపు ప్రతి లక్షణంలోనూ, 97 శాతం లక్షణాల్లో, జన్యువుల ముద్ర కనబడింది. అవతలివాళ్లు ఇక్కడిదాకా చదివి పండగ చేసుకుంటారు. కానీ ఆ ముద్ర లోతు సగటున ఏడు శాతం దగ్గరే. పైగా అది ఎండాకాలంలో పెరిగింది. తిండిలో రకాలు తగ్గినప్పుడు పెరిగింది. కోతులు ముసలివైన కొద్దీ పెరిగింది. అవే కోతులు, అవే జన్యువులు. వర్షం పడిందా లేదా అన్నదాన్ని బట్టి "వంశపారంపర్యం" హెచ్చుతగ్గులవుతోంది. ఇట్లా వానతో మారే వంశం ఏ గోత్రానికైనా ఉందా?

బోయిన్‌పల్లి వాళ్లకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. మన కూరగాయల మార్కెట్లో వాడిపోయిన కోతిమీర, పగిలిన టమాటా, కుళ్లిన వంకాయ కలిపి రోజుకి పది టన్నుల దాకా పోగవుతుంది. దాన్ని తాగి గ్యాసు, కరెంటు ఇచ్చే ప్లాంటు అక్కడే పెట్టారు. తార్నాక ఐఐసీటీ వాళ్ల పరిజ్ఞానం. రోజుకి 500 యూనిట్ల కరెంటు వస్తుందని 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియోలో చెప్తే దేశమంతా మన మార్కెట్ పేరు విన్నది. ఆ ట్యాంకు పని చేసే పద్ధతి ఒక కడుపు పద్ధతే. గాలి తగలని చీకట్లో ఒక జట్టు బాక్టీరియా పీచుని, పిండిని విరగ్గొడుతుంది. ఇంకో జట్టు ఆమ్లాలుగా మారుస్తుంది. చివరగా ఆర్కియా అనే సూక్ష్మజీవులు మీథేన్ తీస్తాయి. అట్లాంటి మీథేన్ జీవులు మనలో కొందరి పేగుల్లోనూ ఉంటాయి. 2014 కవలల పరిశోధనలో క్రిస్టెన్సెనెల్లేసీతో కలిసి కనబడ్డవాటిలో అవీ ఉన్నాయి.

ఆ ట్యాంకుకి డిజైన్ ఉంది. వేడి ఎంత, పులుపు ఎంత, లోపల సరుకు ఎంతసేపు నిలవాలి. ఆ డిజైన్ లేకపోతే ఏ జీవీ బతకదు. మన జన్యువులు చేసేది ఆ పని: జీర్ణాశయం ఆమ్లం, పేగు గోడ జిగురు, రోగనిరోధక కణాలు. ఈ అర్థంలో జన్యువులు కడుపుని తీర్చిదిద్దుతాయన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఒకే డిజైన్‌తో రెండు ట్యాంకులు కట్టి, ఒకదానికి కూరగాయల చెత్త, ఇంకోదానికి హోటల్ ఎంగిలి పోస్తే, లోపలి జీవజాలం రెండు దారులు పడుతుంది. ఆ తేడాకి కారణం అడిగితే డిజైన్ చూపిస్తామా? ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ అయినా 99.9 శాతం ఒకటే. మన ట్యాంకులు దాదాపు ఒకే కంపెనీవి. తేడా పోసేదాంట్లో ఉంది.

సరే, జన్యువు నిజంగా పని చేసే చోటు ఒకటి చూద్దాం, ఎందుకంటే అది ఉంది. మైక్రోబయోమ్ మీద ప్రభావం చూపే జన్యువుల కోసం 2021లో 24 బృందాల డేటా కలిపి, 18,340 మందిని జల్లెడ పట్టారు. అన్నిటికన్నా గట్టిగా నిలబడ్డది ఎల్‌సీటీ. పాలలోని చక్కెర లాక్టోజ్‌ని విరగ్గొట్టే ఎంజైముకి సంబంధించిన జన్యువు అది. పసితనంలో అందరికీ ఆ ఎంజైమ్ ఉంటుంది. పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. పెద్దయ్యాక కూడా తగ్గని వాళ్లలో ఒక మార్పు ఉంటుంది. మన దేశంలో రెండు వేలకి పైగా నమూనాలు పరీక్షించి, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న 2012 నాటి పరిశోధనలో, ఆ మార్పు వాయవ్యంలో ఎక్కువగా, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తక్కువగా, పశువుల్ని కాచే సమూహాల్లో ఎక్కువగా కనబడింది.

అంటే దక్షిణాదిలో చాలామందికి పెద్దయ్యాక పచ్చిపాలు అరిగించే ఎంజైమ్ తక్కువ. అట్లాంటివాళ్లు పాలు తాగితే అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి దిగుతుంది, అక్కడ బిఫిడోబాక్టీరియం దాన్ని తిని పెరుగుతుంది. జన్యువుకీ బాక్టీరియాకీ ఉన్న ఆ ప్రసిద్ధ సంబంధం ఇదే. ఇప్పుడు గ్లాసుడు పాలు తీసేయండి. సంబంధం కూడా దాదాపు పోతుంది. డచ్ వాళ్ల డేటాలో అదే కనబడింది. జన్యువు తలుపు తెరిచి పెట్టింది, లోపలికి వచ్చింది మాత్రం పాలు.

మనవాళ్లు దీన్ని జన్యువుతో పరిష్కరించుకోలేదు. పాలు తోడుపెట్టారు. ఎంజైమ్ ఒంట్లో లేకపోతే గిన్నెలోని బాక్టీరియాతో ఆ పని చేయించారు. పెరుగన్నం అంటే ఒక జన్యువు లేని లోటుని ఒక గిన్నె తీర్చడం. ఆ తోడు ఎక్కణ్ణించి వచ్చింది? ఇంట్లో అయిపోతే పక్కింటి నుంచి. "వదినా, కొంచెం తోడుంటే ఇస్తావా" అన్న మాట విననివాళ్లు మనలో ఎవరూ ఉండరు. గోత్రంతో దిగేది జన్యువు, గోడ దాటేది తోడు. మన పెరుగు ఎవరి వంశానికి చెందింది?

పేగుల విషయంలో కూడా ఆ గోడ దాటడాన్నే చూపించారు. 2023లో 'నేచర్'లో వచ్చిన పరిశోధన ఇరవై దేశాల నుంచి 9,700కి పైగా నమూనాలు చూసింది. పుట్టిన మొదటి ఏడాదిలో బిడ్డ పేగుల్లోని రకాల్లో సగం దాకా తల్లితో పంచుకున్నవే. పెద్దయ్యాక, ఒకే ఇంట్లో ఉండేవాళ్ల మధ్య పన్నెండు శాతం దాకా ఒకే రకాలు తిరుగుతున్నాయి. కవలలు కూడా విడివిడిగా బతికే కొద్దీ ఆ పంపకం తగ్గిపోయింది. తల్లి నుంచి బిడ్డకి వచ్చింది కాబట్టి అది వారసత్వమే కదా అంటారా? వారసత్వమే. జన్యువులతో వచ్చింది కాదు, ఒడిలో వచ్చింది. పెంచిన అమ్మ ఒడిలోనూ దొరుకుతుంది, అత్తగారింట్లోనూ దొరుకుతుంది, హాస్టల్లోనూ దొరుకుతుంది.

ఒడి అన్నాం కాబట్టి ఇంకో సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశంలోనే మొదటి స్థానం. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. ఆపరేషన్‌తో పుట్టిన పిల్లలకి తల్లి పేగుల్లోని బాక్టీరియా, ముఖ్యంగా బాక్టీరాయిడిస్ అనే రకం, మొదటి నెలల్లో తక్కువగా అందుతుందని 2019లో బ్రిటన్ పరిశోధన చూపించింది. తల్లికో బిడ్డకో ప్రమాదం ఉన్నప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో రెండో మాట లేదు. కానీ ముహూర్తం పెట్టించి కోయించుకునే సంస్కృతి కూడా ఇక్కడే ఉంది. పూర్వీకుల కడుపు గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు, ఆ పూర్వీకుల సూక్ష్మజీవులు బిడ్డకి చేరే మొదటి దారిని నక్షత్రం చూసి మూసేస్తున్నారు. దీన్ని మించిన వ్యంగ్యం రాయాలంటే నావల్ల కాదు.

ఇక వాళ్ల దగ్గర మిగిలిన రెండు వాదనలు. మొదటిది: "కులాల మధ్య జన్యు తేడాలు లేవంటావా?" అనను. ఉన్నాయి. 2009లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ వగైరాలు రాసిన పత్రంలో మన ఆంధ్ర వైశ్యులు పేరుతో సహా ఉన్నారు. చాలా శతాబ్దాల పాటు బయటి పెళ్లిళ్లు దాదాపు లేకపోవడం వాళ్ల జన్యువుల్లో చదవొచ్చు. దాని ఫలితం ఒకటి మత్తు డాక్టర్లకి బాగా తెలుసు: ఆపరేషన్ ముందు కండరాల్ని వదులు చేయడానికిచ్చే ఒక మందుని విరగ్గొట్టే ఎంజైమ్ ఈ సమూహంలో కొందరికి ఉండదు, నిమిషాల్లో దిగాల్సిన మందు గంటలు నిలిచిపోతుంది. 2017లో ఇదే శాస్త్రవేత్తలు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల్ని చూసి, 81 సమూహాల్లో ఇట్లాంటి బిగింపు ఫిన్‌లాండ్ వాళ్లకన్నా, అష్కెనాజీ యూదులకన్నా ఎక్కువగా ఉందన్నారు.

దీన్నుంచి నేర్చుకోవాల్సిందేమిటి? కులం జన్యువుల్లో ఉందని కాదు. పెళ్లి కట్టుబాటు జన్యువుల్లో గీతలు పెట్టిందని. కారణం ఏది, ఫలితం ఏది అన్నది తారుమారు చేయకూడదు. ఆ గీతలు చెప్పేది పూర్వీకుల ఆహార జ్ఞానం కాదు, అరుదైన జబ్బుల లెక్క. కులాంతర వివాహాలకి ఇంతకన్నా గట్టి వైద్య కారణం దొరకదు. "మన జెనెటిక్స్ వేరు" అని గర్వంగా చెప్పేవాళ్లు ఆ పత్రాల చివరి పేజీల దాకా చదివితే గర్వం ఆపి డాక్టరుకి ఫోన్ చేస్తారు.

రెండోది: "శాకాహార జన్యువు" అని 2016లో పేపర్లలో తిరిగిన వార్త. పుణెలో శాకాహారుల మీద చేసిన పరిశోధన అది. మొక్కల కొవ్వు నుంచి శరీరానికి కావలసిన కొవ్వుల్ని తయారు చేసుకోవడంలో తోడ్పడే ఒక మార్పు వాళ్లలో ఎక్కువగా కనబడింది. కానీ అదే పత్రంలో, ప్రపంచ జన్యు డేటాలో, దక్షిణాసియావాళ్లలో డెబ్బై శాతం మందికీ, ఆఫ్రికా జనాల్లో సగం మందికి పైగా కూడా అదే జత ఉంది. ఆ డేటాలో 'బ్రిటన్‌లోని తెలుగువాళ్లు' అన్న పేరుతో మనవాళ్లూ ఉన్నారు. 2014 నాటి ప్రభుత్వ నమూనా సర్వేలో తెలంగాణ జనాభాలో 98 శాతం పైన మాంసాహారులని తేలింది. అంటే "శాకాహార జన్యువు" బిర్యానీ తినేవాళ్ల ఒంట్లో హాయిగా కాపురం చేస్తోంది. జన్యువుకి మెనూ తెలియదు.

ఇన్ని తెలిసీ ఎందుకు ఈ వాదన నిలబడుతోంది? అది ఎవరికి లాభమో చూస్తే చాలు. పర్యావరణం అంటే చెట్లూ గుట్టలూ కాదు. ఏ పైపులో నీళ్లు వస్తున్నాయి, బడి భోజనంలో గుడ్డు ఉందా, జ్వరానికి మెడికల్ షాపువాడు చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇచ్చేస్తున్నాడా, కందిపప్పు కిలో ఎంత. వీటన్నిటికీ ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. జన్యువుకి జవాబుదారీ అక్కర్లేదు. 2021లో కర్ణాటకలో బడి పిల్లల భోజనంలో గుడ్డు పెడితే కొందరు మఠాధిపతులు అడ్డం తిరిగారు. 2023లో ఐఐటీ బొంబాయి హాస్టల్ మెస్‌లో శాకాహారులకి వేరే బల్లలు కేటాయించడాన్ని నిరసించినందుకు ఒక విద్యార్థికి పదివేల జరిమానా వేశారు. అక్కడ వాడిన భాష సంప్రదాయం, సౌకర్యం. రేపు అదే బల్ల మీద "గట్ కంపాటిబిలిటీ" అన్న బోర్డు పెడితే జరిమానా రాయడం ఇంకా సులువవుతుంది.

మనవైపు వాళ్లకి కూడా ఒక మాట. కులవాదం మీద కోపంతో "జన్యువులు ఏమీ చెయ్యవు, అంతా సామాజికమే" అని కొట్టిపారేయకండి. ఆ మాట రేపు ఒక్క మంచి పరిశోధనతో కూలిపోతుంది, దాంతో పాటు మన మిగతా మాటలు కూడా. 2022లో డచ్ వాళ్లు 7,738 మందిలో ఎల్‌సీటీతో పాటు రక్తం గ్రూపుని నిర్ణయించే జన్యువుకి కూడా పేగులతో సంబంధం ఉందని చూపించారు. అది నిజం. ఒప్పుకుంటే మనకి పోయేదేమీ లేదు. ఏ గ్రూపు రక్తమూ ఏ కులం సొంతమూ కాదు. చిన్న వాటాని చిన్న వాటా అని చెప్పడమే మన బలం.

అట్లాగే తిండి మీద రాసే మిత్రులకి. అమ్మమ్మ చేతి పచ్చడి గురించి రాయండి, బ్రహ్మాండంగా రాయండి. దాన్ని డీఎన్ఏలోకి నెట్టకండి. థాయ్‌లాండ్ నుంచి అమెరికాలోని మిన్నెసోటాకి వెళ్లిన మోంగ్, కరెన్ ప్రజల మీద 2018లో వచ్చిన పరిశోధన చూడండి. దిగిన కొద్ది నెలలకే వాళ్ల పేగుల్లో పీచుని అరిగించే పాత బాక్టీరియా తగ్గడం, అమెరికన్ల రకాలు పెరగడం మొదలైంది. పిల్లల తరానికి ఇంకా ఎక్కువ. జన్యువులు అవే. డాలస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడ్డ మన బంధువులకి మాత్రం వేరే నియమం ఉంటుందా? అమ్మమ్మ పచ్చడి డీఎన్ఏలోనే ఉండుంటే వాళ్లు దాన్ని సూట్‌కేసుల్లో కుక్కి, బరువెక్కువైందని ఎయిర్‌పోర్టులో నేల మీద కూర్చుని మళ్లీ సర్దాల్సిన పని ఉండేది కాదు. అది అక్కడ లేదు కాబట్టే ఎవరో ఒకరు వండాలి, నేర్పాలి, మొయ్యాలి. సాధారణంగా ఆ ఎవరో ఒకరు ఆడమనిషి. "డీఎన్ఏలో ఉంది" అన్న ప్రతిసారీ ఆమె చాకిరీని జీవశాస్త్రం ఖాతాలో రాసేస్తున్నాం.

నిజంగా వంశపారంపర్యంగా వచ్చేవాటి జాబితా మనందరికీ తెలుసు. ఇల్లు. ఇంటి మీద ఇంకో అంతస్తు. దాన్ని ఎవరికి అద్దెకివ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తేల్చే హక్కు. ఇవేవీ ఏ క్రోమోజోము మీదా లేవు, రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నాయి. పేగుల్లో ఉన్నది మాత్రం ఏ తండ్రి పేరు మీదా రాసి లేదు. నిన్న తిన్న కూర, మొన్న మింగిన మాత్ర, పక్కింటి తోడు, ఒకే కప్పు కింద ఊపిరి పీల్చేవాళ్లు, వీళ్లందరి ఉమ్మడి ఆస్తి అది. మన ఒంట్లో కులాన్ని అసలు పట్టించుకోని చోటు ఒకటుంటే అది పెద్దపేగే. దానికి కూడా గోత్రం అంటగట్టాలని చూసేవాళ్లు సైన్సు మాట్లాడుతున్నామనుకోవద్దు. వాళ్లు మాట్లాడుతున్నది వాళ్ల తాత భాషే, యాస ఒక్కటే మారింది.